హైమా తొవ్వల నీళ్ల టాంకరు

హైమా దాటినంక ఇసుకల దిగబడ్డ జీపును
నా టాంకరుకు కట్టి గుంజిన.
నిజ్వా బడిపంతులట, పేరు హమూద్.
పైసలియ్యబోతే వద్దన్న.
అయితే ఇది చూసిపో అని
లైట్లు బంద్ చేపిచ్చిండు.

ఏప్రిల్ నెల, నడిరాత్రి. డాంబరు ఇంక సల్లవడలే.
దక్షిణం దిక్కు తిప్పిన గొట్టానికి కన్ను ఆనిస్తే
తడిసిన దూదిపింజె,
నడుమ బొగ్గువేలుతోని ఒక్క గీత.
"ఇంతేనా?" అన్న, వచ్చీరాని అరబ్బీల.

కోటీ ఇరవై లక్షల ఏండ్ల కింద బయలెల్లిన వెలుగు, అన్నడు.
గుడ్డు లెక్క ఉండే ముసలి గెలాక్సీ.
ఎన్నడో ఇంకోదాన్ని మింగింది,
ఆ గీత మింగినదాని దుమ్ము,
ఇంకా అరగలే.
కొత్త చుక్కలు పుడితే గిడితే ఆ దుమ్ములనే.

నాకు రాజలింగు రూము యాదికొచ్చింది.
ఆరుగురికని ఇచ్చిన పోర్టకాబిన్ల పదకొండు మందిమి.
దివాలా తీసిన కంపెనీల నుంచి వచ్చినోళ్లు,
పాస్‌పోర్టు ఎవని దగ్గరున్నదో తెల్వని మెట్‌పల్లి పిలగాండ్లు,
ఒక బంగ్లా మేస్త్రి.
ఎవలొచ్చినా "తిన్నవా?" అని ఒక్క మాటడుగుతడు,
ఖబూస్ తుంచి పప్పుల ఏస్తడు.
అంతే, వాడు ఇగ యాడికీ పోడు.
మింగుడంటే గిట్లనే కావొచ్చు.
మేస్త్రి ఆవనూనె సీసా మాత్రం
ఎనిమిదేండ్లాయె, కిటికిల వేరుగనే ఉన్నది.

హమూద్ ఇంకా చెప్తున్నడు:
కంటికి కనవడేది నడిబొడ్డు మాత్రమే.
దాని అసలు పొడుగు రేడియో చెవికే ఎరుక,
రెండు దిక్కుల ఎగజిమ్మిన ఊపిరి,
చందమామలు ఇరవై పక్కపక్కన పేర్చినంత.
చుట్టూ చిన్న గెలాక్సీల గుంపు.
అన్నిటినీ గుంజిపట్టే బరువుల
నట్టనడుమ ఉన్నది నల్లగ, కనవడది.

చెయ్యి చాపి కొలుసుకున్న.
నా పిడికిలంత ఆకాశం,
ఏమీ లేదనుకున్న జాగ.

రాజలింగు నడుమ ఏమున్నదో
ఇరవై రెండేండ్లల్ల ఎవలమూ అడగలే.
సెలవు కాయితం వచ్చినప్పుడల్లా
నాలుగు మడతలు పెట్టి
కారప్పొడి డబ్బ కింద దోపుతడు.
డబ్బ ఇప్పుడు కొంచెం ఒరిగి నిలవడ్డది.

గప్పుడే బండిల వైర్‌లెస్ గరగరమన్నది.
"నీళ్లు యాడిదాకొచ్చినయ్‌రా?"
మనిషి నలభై కిలోమీటర్ల అవతల,
గొంతు నా పక్క సీట్ల.

గొట్టం మీంచి కన్ను తియ్యకుండనే
"తొవ్వల ఉన్న" అన్న.

"తిన్నవా?"

లేదంటే పొయ్యి ముట్టిస్తడు, ఇంత రాత్రి.
తిన్న అని అబద్ధమాడిన.