సున్నా యూనిట్లు

ఈ ఊళ్ళో ఏ ఇల్లు ఖాళీయో
నన్నడగండి.
గేటుకి కట్టిన అట్టముక్క అబద్ధమాడొచ్చు,
మీటరాడదు.

నెల మొదట్లో పది రోజులు, రోజుకి నూరు గుమ్మాలు.
భుజాన బిల్లుల మిషను, చేతిలో కుక్కల కర్ర.
ఎవరింటికి కొత్తగా ఏసీ వచ్చిందో,
ఎవరి కోడలు అలిగి వెళ్ళాక వాడకం సగమైందో
అన్నీ తెలుసు. చెప్పను.

నాకే ఇల్లు కావలసొచ్చింది శ్రావణంలో.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేసిన రాత్రి
లంకలో మా గది మోకాలి దాకా తడిసింది.
కెజియాకి ఏడో నెల.
నొప్పులొస్తే పడవ కోసం కేకేయడం
నావల్ల కాదనుకున్నాను.

పాలకొల్లులో, లాకుల దగ్గర వీరభద్రం గారి మేడ.
పై వాటా ఎనిమిది నెలలుగా సున్నా యూనిట్లు.
కనీసపు చార్జీ కాగితం తలుపు సందులో దూర్చింది నేనే,
ఎనిమిదిసార్లూ.
"రండి రండి, ఎండనపడి వచ్చారు" అన్నారాయన.
మజ్జిగిచ్చారు, కాగితం గ్లాసులో.
"ఎవరి తాలూకండి తమరు?"
"కరెంటాఫీసు తాలూకండి."
ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.
"అది కాదండీ..."
అంతలో ఫ్యాను గాలికి
మెడలో కార్డు తిరగబడి పేరు చూపించింది.
దేవకరుణ.
"అయ్యయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సిచ్చేశారండి,
ఒక్క రోజు ముందొస్తేనా!"

నలభై ఎకరాల చేపల చెరువులున్నాయన అడిగాడు,
ఇంట్లో చేపలు వండరు కదా అని.

ఇంకోచోట ఇస్తామన్నారు.
కొళాయి తిప్పి దోసిట్లో పట్టి పుక్కిలించాను.
సముద్రం ఎక్కడో ఉందనుకున్నాను,
నాలుక మీదికొచ్చేసింది.
కెజియా చేత ఆ నీళ్ళెలా తాగించను?

"ఏడో నెలా? పురుడెళ్ళాక రండమ్మా,
మా గుమ్మానికి అచ్చిరాదు" అందొకావిడ,
నా పక్కన ఎవరూ లేకపోయినా
అమ్మా అంటూ.

భాద్రపదం. మళ్ళీ లాకుల దగ్గర మేడ.
పై వాటా సున్నా.
అడ్వాన్సిచ్చినవాళ్ళు చీకట్లో కాపురం చేస్తున్నారు కాబోలు.
మిషను కిర్రుమని కాగితం కక్కింది.
సందులో దూర్చి, అంగుళం బయటికే వదిలాను
ఆయనకి కనపడాలని.

ఆ మధ్యాహ్నమే పేరంటాలు గారు నన్ను నిలేసింది,
లేసు సూది నా మీదికే చూపిస్తూ.
"ఒంటి ముండని, ఇంత బిల్లేంటయ్యా?"
దీపాలన్నీ ఆర్పించాను. ఫ్రిజ్జు పీకించాను.
మీటర్లో ఎర్ర చుక్క మిణుకుతూనే ఉంది.
ఒక్కో ఫ్యూజూ లాగుతూ పోతే
వెనక గదిది లాగినప్పుడు ఆగింది.
తడిసిన గోడ, ఎలుక కొరికిన వైరు.
మూడేళ్ళుగా మనిషి లేని గదిలో
కరెంటొక్కటే కాపురముంటోంది.

వైరు మార్చాను. చేతులు కడుక్కుంటూ అడిగేశాను.
ఆవిడా అడిగింది, "ఎవరి తాలూకు బాబూ?"
ఈసారి తిన్నగా చెప్పాను,
పేట పేరుతో సహా.
"ఊఁ" అంది.
ఆ ఊఁలో ఏముందో ఇప్పటికీ తెలీదు.
తలెత్తకుండా రెండు వరసలు అల్లింది.
తర్వాత, "మూడు వేలు. నీళ్ళు కాలవ్వి,
కాలవ కట్టేసిన నెల మాత్రం మీ తిప్పలు మీవి.
నాకు చెవుడు, రేడియో గట్టిగా పెడతాను."
పిల్ల పుడితే ఏడుస్తుందేమోనండీ అన్నాను.
ఏంటీ అంది.
మళ్ళీ చెప్పలేదు.

ఈ నెల ఆ గుమ్మానికి బిల్లు నేనే తీశాను.
వెనక వాటా, నలభై ఒక్క యూనిట్లు.
అలవాటు చొప్పున సందులో దూర్చబోయి,
ఆగి,
తలుపు కొట్టాను.