జవాబు కోసం ఆగి ఉంది

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ, కిటికీ లేని గది,
రాత్రి పదింటి షిఫ్టు.
నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. బొమ్మలు లేవు, మౌసు లేదు.
బీరువా అంత మిషను. దాని చలువకి
మే నెల్లో కూడా నేను స్వెట్టరేసుకుంటాను.

నా కింద పదకొండు ప్రింటర్లు,
ఒక్కదాన్నీ కంటితో చూసింది లేదు.
కాటా గేటుది దుమ్ము తిని దగ్గుతుంది,
నంద్యాల డిపోది పొద్దున్నే మొండికేస్తుంది.
ఆదోని గోడౌను మూసి మూడేండ్లయినా
దాని ప్రింటరు పేరు ఇంకా వరసలోనే ఉంది,
అడిగితే 'సిద్ధం' అంటుంది.
తీసెయ్యమని కాగితం వచ్చింది. తీసేస్తాలే.

ఈ రాత్రి గుంతకల్లు.
పేరు పక్కన ఆ మాటే: జవాబు కోసం ఆగి ఉంది.
దాని వెనక ముప్పై ఏడు రసీదులు
చౌకదుకాణం ముందు సంచుల మాదిరి.

ఫోనెత్తింది దస్తగిరి.
పదహారేండ్లుగా గొంతే, మొహం తెలీదు.
"లారీలు రోడ్డు దాకా నిలబడినాయి సుభాషిణమ్మా,
డ్రైవర్లు నా మీదికొస్తాండారు."
కాగితం ఉందా?
"ఉండాది."
దీపం?
"మినుకుతాంది. పచ్చది గాదు, ఇంకోటి."
పక్క బెజ్జాలు పండ్లల్లో పడినాయా చూడు.
కాసేపు ఏమీ లేదు. రైలు కూత. మూత చప్పుడు.
"ఎడంపక్క ఒకటి తప్పింది.
నిన్న కొత్త పిల్లోడు ఎక్కిచ్చినాడులే."

మిషను నన్నడిగేది ఒకే ఒక్క అక్షరం.
సాగనీ, వదిలెయ్, రద్దు:
మూడింట్లో ఏదో ఒకటి.
సాగనీ అన్నాను.
ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి దాటి
ఆ అక్షరం పోయి తలుపు తట్టింది.
ఫోనులో చెనక్కాయలొలిచే మిషను మోత.

ఆగింది. మళ్ళీ మోగింది.
"అమ్మా, పంతొమ్మిదోది రెండుసార్లొచ్చింది."

నడుమ లైను తెగింది.
అవతలివాళ్ళు విన్నారో లేదో తెలీక
చెప్పిందే మళ్ళీ చెప్పే మనిషిలాగా
మిషను ఆ కాగితం మొదట్నుంచీ చెప్పింది.
ఒకే లోడుకి రెండు రసీదులు.
రెండోది ఎవరి జేబులోకన్నా పోతే
ఒక లారీ సిమెంటు.

"చించేయల్నా?"
చించొద్దు. అడ్డంగా గీత కొట్టి
సంతకం పెట్టి మేకుకి గుచ్చు.
"ఎవురి సంతకం?"
నీదే.
"నేను కాంట్రాక్టోన్ని గదమ్మా. నాది చెల్లుతాదా?"

నాకూ తెలీదు.
చెల్లుతుందనే చెప్పాను.
రిజిస్టరు తీసి రాశాను:
ఒంటిగంటా నలభై, గుంతకల్లు, పంతొమ్మిదో రసీదు
ఒకటి అదనం, రద్దు చేసినది దస్తగిరి.
ఇంటిపేరు అడగాలని అప్పుడు తట్టింది.
అప్పటికే ఫోను పెట్టేసినాడు, లారీలు కదులుతున్నాయేమో.

నాలుగింటికి వరసలన్నీ ఖాళీ.
ఆదోని: సిద్ధం.
తీసేసే ఆజ్ఞ సగం కొట్టి
టీ కోసం లేచాను.