పేనం ఎక్కడుంటుంది

మొదటి వారం మా మెడల్లోంచి స్టెతస్కోపులు తీయించి
బీరువాలో పెట్టి తాళం వేశారు పట్నాయక్ మేడమ్.
"ముందు దారి నేర్చుకోండి" అన్నారు.

దారి అంటే
విజయనగరం గంటస్తంభం దగ్గర ఆటో దిగడం,
మూతపడ్డ జనపనార మిల్లు గోడ వెంబడే నడవడం,
గోడ కూలినచోట లోపలికి తిరగడం.
ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మనిషి అరుస్తాడో
రేషన్ కొట్టు ఎన్ని అడుగులో
నిండు బిందెతో అయితే ఎన్ని అడుగులో.

అయిదుగురం మేము.
ఒకడు గుండెకి, ఒకతె చర్మానికి, నేను ఎముకలకి
మనసులో అప్పటికే సీట్లు రాసిపెట్టుకున్నాం.
కుటుంబ వైద్యమంటే
ఇంకేమీ కాలేనివాళ్లు చేసేదనుకున్నాం.
పైకి అనలేదు గానీ
ఆవిడకి తెలుసు.

రెండోవారం తాళం తీశారు.
నా ముందు కూర్చున్న మొదటి మనిషి మజ్జి గవరమ్మ.
యాభై దాటాయో లేదో ఆమెకే తెలీదు.
"ఏమైందమ్మా?"
"పేనం బాగోనేదు బావూ."
"నొప్పి ఎక్కడ?"
"నొప్పి గాదు. పేనం."

నేను తెనాలివాణ్ణి.
శవాన్ని పొరలు పొరలుగా విప్పిన చేతులు నావి.
రెండువందల ఆరు ఎముకలు నిద్రలో లెక్కపెట్టగలను.
పేనం మాత్రం ఏ బల్లమీదా
ఎవరూ చూపించలేదు.

బీపీ నూటఎనభై.
అది నాకు తెలిసిన భాష. మోతాదు పెంచడానికి కలం దించాను.
మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు
నాకే నాడి చూస్తున్నట్టు.
"రాసేముందు ఆవిడ వెనక వెళ్లు.
వాళ్లింట్లో మంచినీళ్లు తాగి రా."

ఒకటే గది.
గోడకి పాత మిల్లు క్యాలెండరు, తేదీలు అయిపోయి ఏళ్లయింది.
జర్దా డబ్బా మూత తీసింది.
లోపల మాత్రలు
ఒక్కొక్కటీ కత్తిపీట మీద రెండుగా తెగి.

"సగం నానేసుకుంతాను, సగం మాయన.
మిల్లు మూసినకాణ్నించి గడప దాటడు.
సీటీ నా పేరునే ఉన్నాది గదా."

మంచంమీద ఎరకయ్య.
ముప్పైయేళ్లు నార ధూళి మింగిన ఛాతీ.
చెవి ఆనిస్తే,
మిల్లు ఆగింది గానీ లోపల మగ్గం ఆగలేదు.

కొళాయి మూడింటికొస్తుంది, ఆమె రెండింటికే లేస్తుంది.
గంజిలోకి ఎండు నెత్తళ్లు.
ఉప్పు తగ్గించమ్మా అనే మాట
గొంతుదాకా వచ్చి
ఆ గిన్నె చూసి సిగ్గుపడి దిగిపోయింది.
నీళ్లు తాగాను.
స్టీలు గ్లాసు అడుగున ఎవరిదో పేరు చెక్కి ఉంది, అరిగిపోయి.

తిరిగొచ్చి రెండు చీటీలు రాశాను, రెండు పేర్లమీద.
ఆయనకి పీల్చే మందు, ఇంటికే పట్టుకెళ్తానని.
ముఖ్య బాధ అన్న గడిలో
'పేనం బాగోలేదు' అని తెలుగులోనే పెట్టాను.
మేడమ్ కొట్టేయలేదు.
పక్కన చిన్నగా
'ఎవరిది?' అని రాశారు.

దానికి జవాబు వెతుకుతూ మూడు గురువారాలు వెళ్లాను.
నాలుగో గురువారం తాళం.
పక్కింటామె నోట్లో పుల్ల తీసి చెప్పింది:
"ఎల్లిపోనారు బావూ. పలాస జీడి బట్టీల్లో పనున్నాదట.
మొగుణ్ని కూడా ఏసుకుపోనాది."

జీడిపొగ. ఆ ఛాతీ.
వీధి మధ్యలో అలాగే నిలబడ్డాను,
సంచిలో నెలకి సరిపడా మందులు
ఒక్కటీ తెగకుండా.

రిజిస్టరులో వాళ్ల వరస కొట్టేద్దామని గీత మొదలుపెడితే
మేడమ్ అన్నారు:
"ఊరు మారితే రోగి మారిపోతాడా?
పలాసలో మన పాత బ్యాచ్ అమ్మాయుంది, మెట్ట హైమ. ఫోన్ చెయ్."

రింగవుతుంటే ఏం చెప్పాలా అని తడుముకున్నాను.
అంకెలున్నాయి, పరీక్షల కాగితాలున్నాయి.
ముందు జర్దా డబ్బా సంగతి చెప్పాను.
తర్వాత పేర్లు.

అటువైపు ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది,
ఎవరినో కాసేపు కూర్చోమంటోంది.
హైమ జబ్బు పేరు అడగలేదు.
ఏ వీధి, అంది.