అరిగోలు

ఒకటో తరగతిలో అయ్యవారు
హాజరు పట్టీలో నా ఇంటిపేరు దిద్దినాడు.
"అరిగోలు కాదు పాపా, అరిగెల.
అరికెలు పండించినోళ్ళు మీరు."
తలూపినాను.
మా చేన్లో ఎప్పుడూ చెనిక్కాయలే.

కంబదూరు దగ్గర మా ఊరికి
నీళ్ళంటే ట్యాంకరొచ్చే బుధవారం.
ఆరు బోర్లేస్తే ఐదు దుమ్ము కక్కినాయి,
ఆరోది మా నాయన పెద్దోబులేసును
అప్పులో ముంచి
తాను మాత్రం పొడిగానే ఉండిపోయింది.
అట్లాంటి ఊర్లో కూర్చోని
నలభై ఏండ్లకు నిఘంటువు తెరిస్తే
అరిగోలు అంటే పుట్టి.
వెదురుతో అల్లి తోలు కప్పిన
గుండ్రటి పడవ.

ముందు నవ్వొచ్చింది.
తరువాత చానాసేపు నిద్ర రాలేదు.

ఓటర్ల జాబితాల్లో వెతికితే మూడిండ్లు తేలినాయి.
ఒకటి మాదే, అందులో నేను లేను,
పెండ్లితోనే నా పేరు ముందర
పాలగిరి వచ్చి కూర్చుంది.
ఆదోనిలో ఒకాయన
"అది మా తాతను ఎగతాళి చేసిన పేరమ్మా,
కొడుకులకు తీయించేసినా" అన్నాడు.
మూడో ఇంటికి తాళం.
తాళానికి తుప్పు.

రిజిస్ట్రారాఫీసులో పాత దస్తావేజులు
గోనెసంచిలోంచి తీసి పరిచినారు.
హరిగోలు నడిపెన్న, వేలిముద్ర.
అరగోల నడిపెన్న, అదే వేలిముద్ర.
అంతకు ముందు కాగితంలో
పేరుండాల్సిన చోట చెదలు తిన్న కిటికీ,
దాంట్లోంచి కింది కాగితంలో
ఎవరిదో పొలం హద్దులు.

మిగిలింది సుంకులత్త.
"కరువులో వచ్చినారంట."
యాడనుంచి?
"యాడనుంచో."
చెవి దగ్గరికి వంగి అడిగినా అదే మాట.
మంచం కింద గంప చూసి
నేనే అడిగినాను, వేరే ఏమీ తోచక.

కొత్త గంప తెస్తే ఊరంతా
మెంతిపిండి, పేడ కలిపి లోపల అలుకుతారు.
మా ఇంట్లో బయట.
లోపల వదిలేసి, అడుగునా చుట్టూ,
బొటనవేలితో సందుసందుకూ ఒత్తి.
కొత్త కోడండ్లు నవ్వేటోళ్ళు,
ముసలోళ్ళయినాక వాళ్ళే
తమ కోడండ్ల చేతుల మీద కొట్టేటోళ్ళు.
ఎందుకత్తా బయట?
"మనిండ్లల్లో అంతే."

సుంకేసుల ఎగువన ఒక రేవులో
పుట్టి బోర్లించి తారు పూస్తున్నాడు హుసేనప్ప.
"తోలు యాడిది ఇప్పుడు? యూరియా సంచులే"
అంటూనే బొటనవేలితో
వెదురు సందులోకి ఒత్తినాడు.
ఒత్తి, కొంచెం తిప్పినాడు.
ఆ తిప్పడం నాకు తెలుసు.
మా అవ్వ వేలు అట్లే తిరిగేది.

గొంతు తడారి, ఇంటిపేరు చెప్పినాను.
ఆయనేమీ ఉలిక్కిపడలేదు.
"ఈ గట్టున అందరం పుట్టి వేసేటోళ్ళమే కదమ్మా,
ఎవరికని పెడతారు ఆ పేరు?"

అంటే ఏటిని వదిలినోళ్ళకే ఆ పేరు.
నీళ్ళు లేని ఊరికి
నెత్తిన పడవ పెట్టుకోని పోయి దిగితే
అక్కడోళ్ళు వింతగా చూసి పిలిచింటారు.
నిజమో కాదో.
కాగితం లేదు, చెదలను అడగలేము.

కర్నూలు బస్టాండు బయట
ఒక గంప కొన్నాను, బేరం చేయకుండా.
కండక్టరు చూసి
"ఖాళీదేనా?" అన్నాడు.
డోన్ దాటినాం. దోనె అన్నా పడవేనంట,
పక్క సీటాయన చెప్పినాడు,
ఆయన బిందెలో కూడా చుక్క లేదు.
గుత్తి కొండ ఎండలో కాలుతోంది.
ఒడిలో గంప.
అల్లికలోంచి చీర కనబడుతోంది,
చీర మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు.
ఇంకా అలకలేదు.