ముప్పై నాలుగో రకం

నాగూర్ వలి కుడి భుజం
కాయ కాచి ఇరవై ఏళ్లు.
మిర్చి యార్డులో టిక్కీకి కొక్కెం వేసి
లాగి, ఎత్తి, లారీలోకి విసిరి
తుమ్మడం ఎప్పుడో మరిచిపోయిన మనిషి.

ఇప్పుడు కొత్తపేటలో, మా ల్యాబు పక్క మంచం మీద
మూలుగుతున్నాడు.
"బస్తా మొయ్యకుండానే నడుం పడిపోయిందమ్మా,
ఏం సూదులివి?"

కొక్కేలు ఊడదీసే సూదులు, అన్నాను.
నీ మూలుగు మూలుగలోంచే వస్తోంది.
అక్కడ గోడనంటుకుని నిద్రపోయే కణాలుంటాయి.
వాటి ఒంటి మీద కొక్కేలు, గోడకి కడియాలు.
తగిలించుకుని ఉన్నంతసేపూ
"పడుకో, ఇంకా వేళ కాలేదు" అంటుంది గోడ.
అన్నీ ఒక్కసారే లేస్తే
నడివయసుకే నెత్తురు దివాలా.
నాలుగు రోజులుగా కడియాలు తెగుతున్నాయి.
నిద్ర చెడినవి వీధిన పడుతున్నాయి.

కాసేపు పైకప్పు చూసి అడిగాడు:
"దారిలో ఎవరూ పట్టుకోరా?"

పట్టుకుంటారు. దిక్కులేని కణాల్ని మింగే కావలివాళ్లున్నారు.
అందుకే బయల్దేరేముందు
ఒంటికో చీటీ ఎక్కువ అంటించుకుంటాయి:
నన్ను తినకు.

"గేటు పాసు," అన్నాడు.

ఐదో రోజు
యంత్రం ఒక చేతినుంచి తీసి, వడబోసి
రెండో చేతికి తిరిగిస్తుంటే
చెంచాడు నెత్తురు నాకొచ్చింది.
రంగు పట్టించి, ఒక్కొక్క కణాన్నీ
లేజరు ముందు నడిపించాను.
తెరంతా చుక్కలు.
ఓ మూలన, వేపపూత రాలినంత పలచగా
ముప్పై నాలుగు గుర్తున్నవి. అవే.

"మా దగ్గర మూడొందల ముప్పై నాలుగు రకం.
ఎగుమతి సరుకు!"

ఇదీ ఎగుమతే భాయ్. రెండు గోడల అవతలికి.

అవతల ఖైరున్నీసా,
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే చెల్లెలు.
మందులతో ఊడ్చేసిన మూలుగ
సరుకంతా ఎత్తేసిన గోదాము.
చింతపండు చారు రంగు సంచి
మెడ కింది గొట్టంలోకి దింపాం, గంటలోపే.

నేనెప్పుడూ ఇక్కడే ఆగిపోతాను.
ఎముకలోకి దారి ఎవరూ చెప్పలేదు.
గుండె దాటి, ఊపిరితిత్తులు దాటి
నరం గోడ మీద దొర్లుతూ, దొర్లుతూ
ఎముక వేసే ఏదో వాసనకి మెల్లబడి
సందు చూసుకుని దూరతాయి.
మళ్లీ కడియం. మళ్లీ కొక్కెం.
అన్నిటికీ పేర్లు పెట్టాం, అంకెలూ అక్షరాలూ.
పేరు పెడితే తెలిసినట్టు కాదని
ఈమధ్యే ఒప్పుకుంటున్నాను.

పన్నెండో రోజు సున్నా.
పదమూడో రోజు సున్నా.
డాక్టర్ విమలాంబ నాతో మాట్లాడ్డం మానేసింది.
యార్డు నుంచి ఫోను, వెనక వేలంపాట కేకలు:
"ఏమైనా వచ్చిందా?"
పద్నాలుగో రోజు నూట పది.
"తక్కువ కదమ్మా?"
తక్కువే. మొలక అంతే ఉంటుంది.

ఏడు నెలలకి ఆమె గ్రూపు బి కాదు, ఓ. అన్నది.
"అయితే భాయ్ కోపం కూడా వచ్చేస్తుందా?"
లేదని చెప్పాను. పూర్తిగా నమ్మలేదు.

అతను కుళాయి కింద మెడ దాకా కడుక్కునే వస్తాడు.
అయినా కాలరు మడతలో కాస్త ఘాటు.
మాస్కు వెనక ఆమె తుమ్మింది.
అతను బెదిరి గోడ దాకా జరిగాడు.

"నెత్తురు నీదే భాయ్," అంది ముక్కు తుడుచుకుంటూ,
"తుమ్ము మాత్రం నాదే."