కుడి భుజం

కాస్ట్రో ఆసుపత్రి, రెండో అంతస్తు, వాన.
మా చిలోయే దీవిలో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు,
ఆగితేనే చెప్పుకుంటారు.

పొద్దున నా పిత్తాశయం తీసేస్తారట.
నర్సు నయాదెత్ కుర్చీ లాక్కుని కూర్చుంది.
పాత రసీదు వెనక పెన్సిలుతో
నా పొట్ట గీసింది, గుమ్మడికాయలా.
నాలుగు చుక్కలు పెట్టి
"ఇవీ రంధ్రాలు" అంది.

యాభై ఏళ్లుగా పడవలు కడుతున్నాను తల్లీ,
ఆ మాట నా ముందు అంత తేలిగ్గా అనకు.

నవ్వింది. ఆపలేదు.
"లోపల గాలి నింపుతారు, చూడ్డానికి చోటు కావాలిగా.
లేచేసరికి గొంతు గరగర. అది గొట్టం పని.
అన్నిటికన్నా బొడ్డు దగ్గరి కోత ఎక్కువ సణుగుతుంది.
దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకో.
లేవాలంటే ముందు పక్కకి దొర్లు, తర్వాత మోచెయ్యి, తర్వాత కాళ్లు.
మూడో రోజుకి మంచం మీద విసుగొస్తుంది.
అంటే తగ్గుతున్నట్టు."

దిండు ఇచ్చి రెండుసార్లు దగ్గించింది,
ఏ నొప్పీ లేనప్పుడే.
ఎదుటి మంచం మీద అబ్దోన్, సాల్మన్ చేపల పెంపకంలో పనిచేసే కుర్రాడు,
గోడవైపు తిరిగి పడుకున్నాడు.
వాడికేమీ వినాలని లేదట.

లేచాను. గొంతు గరగర.
నువ్వేనా, అన్నాను.
బొడ్డు సణిగింది. రా, కూర్చో.
ఆటుపోట్ల పట్టిక చూసి పడవ దింపేవాడికి
సముద్రమేం తగ్గదు,
మోకాలు ఎప్పుడు తడుస్తుందో తెలుస్తుంది, అంతే.
మందు ఇవ్వమంటారా అంటే
కాసేపాగి చూద్దాం అన్నాను.

అర్ధరాత్రి దాటాక
కుడి భుజంలో ఎవరో ఉలి దింపారు.

భుజమా?
కాగితం తీసి చూశాను. గుమ్మడికాయకి భుజాల్లేవు.
కత్తి జారిందా, గుండె పనా,
ఇంకొకరి చీటీ నా మంచానికి కట్టారా...
నాలుగు రంధ్రాలూ కలిసి పెట్టని భయం
ఆమె చెప్పని ఆ ఒక్క చోటు పెట్టింది.
గంట నొక్కితే ఎవరో కొత్తమ్మాయి
"ఏం కాదు తాతా, పడుకో" అంది.
ఆ మాట మీద కాలు పెట్టాను. కింద పలకలు లేవు.
తెల్లారేలోగా మందు మూడుసార్లు అడిగాను.

ఏడింటికి నయాదెత్, తడి కోటుతోనే.
నుదురు కొట్టుకుంది.
"మిగిలిన గాలి, దొన్ ఎవుదోసియో! పైకెక్కి
ఊపిరితిత్తుల కింది పొరని గిల్లుతుంది.
నరం అబద్ధాలకోరు, భుజం పేరు చెబుతుంది.
రెండు రోజులు. నడిస్తే ఇంకా తొందరగా.
నేనే చెప్పడం మర్చిపోయాను."

నొప్పి అక్కడే ఉంది, అంతే ఉంది.
కానీ టోపీ తీసి, పేరు చెప్పి కూర్చుంది.

కాగితం అడిగి తీసుకుని
గుమ్మడికాయకి వంకర భుజం ఒకటి తగిలించిందామె.

మధ్యాహ్నం అబ్దోన్ వంతు. వాడిదీ పిత్తాశయమే.
పక్కకి దొర్లాను, మోచెయ్యి, కాళ్లు.
వెళ్లి ఆ కాగితం వాడి దుప్పటి మీద పెట్టాను.
వినొద్దనుకుంటే చెవులు మూసుకో, అన్నాను,
ముందు భుజం సంగతి చెబుతా.