అయిదంకెల జాబు

జిల్లాల పంపకంలో మా కందుకూరు నెల్లూరికి పోయింది.
నిన్నటి దాకా ఒంగోలు పేజీలో చచ్చిపోయిన మా ముసలోళ్ళు
తెల్లారేసరికి
నెల్లూరు పేజీలో చచ్చిపోవడం మొదలుపెట్టారు.
విలేకరిని, నాకేం తేడా లేదు.
అంగుళానికింత, ఫోటోకింత.
పండక్కి ప్రకటనలు తేకపోతే ఆ ఇంతా లేదు.

ఆ వారం పొగాకు వేలం మీద రాసినా.
బేళ్ళు వెనక్కి తోలుకుపోతున్న వలేటివారిపాలెం రైతు,
చేతిలో నలిగిన చీటీ, పలకని ధర.
పొద్దున పేజీ తెరిస్తే
ఆ చోట నవ్వుతున్న మొహం, జన్మదిన శుభాకాంక్షలు,
కింద ఇరవైమంది అభిమానుల పాస్‌పోర్టు ఫోటోలు.

పేపరు మడిచి పామూరు రోడ్డులో
సిలార్ సాయిబు కొట్టుకి పోయినా.
బోర్డు మీద రేడియో ఉంది,
బల్ల మీద అన్నీ మిక్సీలే.

ముప్పై ఏళ్ళు జర్మనీ రేడియో విన్నాడాయన.
తెలుగులో యాడుంది, ఇంగ్లీషులోనే,
సగం అర్థమై, సగం గరగర.
విన్న రాత్రల్లా ఒక జాబు రాసేవాడు.
పొగడ్త కాదు, ఫిర్యాదు కాదు, అయిదంకెలు:
గొంతు ఎంత గట్టిగా వచ్చింది,
పక్క స్టేషను ఎంత తొక్కింది,
ఆకాశం ఎంత గోల చేసింది,
ఎంత తేలి ఎంత మునిగింది,
మొత్తమ్మీద ఎట్టుంది.
అయిదొస్తే శుభ్రం. ఒకటొస్తే సర్వనాశనం.
మూణ్ణెల్లకి రంగుల కార్డు వచ్చేది,
నిజమే, నువ్వు విన్నది మమ్మల్నే, అని.
పోస్ట్‌మాన్ మాలకొండయ్య దాన్ని
వీధంతా చూపించి గానీ ఇచ్చేవాడు కాదు.

ఆ గొంతు నేరుగా అంత దూరం నించి రావట్లేదని,
ట్రింకోమలీలో స్తంభాలెత్తి అక్కణ్ణించి విసురుతున్నారని
చాలా ఏళ్ళకి తెలిసిందంట.
“రామాయపట్నంలో నిలబడి తుమ్మితే
వాళ్ళకి వినపడద్ది గదరా!” అని నవ్వినాడు.
ఆ స్తంభాలు మూగబోయిన ఏడు మాత్రం
చానాళ్ళు ఉత్త గరగరే విన్నాడు.

పేపరు చూపించినా.
సాల్డరింగు కడ్డీ పక్కన పెట్టి
చుట్టాలింటి సంగతిలా చెప్పుకొచ్చాడు.
ఒకప్పుడు వాళ్ళకీ చవక రేడియోలు వచ్చాయంట,
ఒకే గొంతు వినడానికి.
ఆ గొంతు దేశాన్ని తగలబెట్టినాక
గెలిచినోళ్ళు రేడియోని ముక్కలు చేశారు,
ఎవుడి చేతికీ మొత్తం దొరక్కుండా.
ఇంటికింతని నెలనెలా జనమే కడతారు.
రాత్రి ఎనిమిదింటికి పదిహేను నిమిషాలు వార్తలు.
“పదిహేను నిమిషాలబ్బయా!
మనోళ్ళకి మ్యూజిక్కే సరిపోదు.”

“అక్కడ ఎవురూ తిట్టుకోరా?”
“ఎందుకు తిట్టుకోరు? కట్టమని కోర్టుకి పోతారు.
అటు ఒరిగినారు, ఇటు ఒరిగినారంటారు.
బాడుగ కట్టేవాడు కప్పు కారుతోందని అరవడా?”

డ్రాయరు లాగి పాత పుస్తకం తీసినాడు.
పోస్టాఫీసు వాళ్ళ రేడియో లైసెన్సు,
ఏటేటా గుండ్రటి ముద్రలు, ఆఖరి పేజీలు ఖాళీ.
“మనమూ కట్టినోళ్ళమే. ఏడాదికి పదిహేను రూపాయలు.
ఎత్తేసిన రోజు మిఠాయి పంచినా, తెలివితక్కువోణ్ణి.”

పది నోటు, అయిదు బిళ్ళ
నా చొక్కా జేబులో పడేసినాడు.
“ఏడాది చందా. ఇప్పుడు చెప్పు, ఆ రైతు సంగతి.”

చెప్పినా.
చెంచురామయ్య, పద్నాలుగు బేళ్ళు, ట్రాక్టరు బాడుగ,
కొననన్న కంపెనీ.
ముల్లు తిప్పేటప్పటిలా తల పక్కకి వంచి
కళ్ళు మూసుకుని విన్నాడు.
మధ్యలో మైకు ఆటో ఒకటి పోయింది.

కార్డు వెనక పెన్సిలుతో రాసిచ్చినాడు.
నాలుగు. ఒకటి. మూడు. మూడు. రెండు.

రెండో అంకె మీద వేలు పెట్టినా.
“ఆటోనా?”
“ఆటో పోయిందాకా ఆగితివి గదా.
కంపెనీ పేరు కాడ గొంతు తగ్గించి
వాకిలి వైపు చూసినావే,
అదీ.”